దుమ్ముకాళ్ల థిర్జా

థిర్జా డౌస్ మా ఇంటికి వస్తే కుర్చీతో పని ఉండేది కాదు. టీ కప్పు చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లేది, అక్కణ్ణుంచి తలుపు దగ్గరికి, తలుపు దగ్గర్నుంచి పొయ్యి దగ్గరికి. తాగినంతసేపూ ఆ తిరుగుడే.

"కూర్చోవే మహాతల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అనేదాన్ని.

"కూర్చుంటే మళ్లీ లేవాలి కదే డోర్కస్. ఆ శ్రమెందుకు?" అనేది.

ఆవిడ కాళ్లకి చక్రాలున్నాయని మా స్కార్న్‌బీలో అందరూ నవ్వుకునేవారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండేది. ఒక మనిషిని కూర్చోమనకుండా ఏళ్ల తరబడి నిలబెట్టిన ఊరు, ఇదేమిటి ఇలా నిలబడే ఉందని నవ్వితే మండదా మరి?

ఆవిడ మా ఊరు వచ్చేనాటికి ఇద్దరికీ పెళ్లి కాలేదు. నేను సంత నడుమ ఉన్న వెన్న మండపం కింద, మా అమ్మ పక్కన నిలబడి, పంది మాంసం కూరి కాల్చిన రొట్టెలు అమ్ముతున్నాను. చర్చి వైపు నుంచి ఒక తోపుడు బండి గలగలమంటూ వచ్చింది. దాని నిండా గడ్డిలో చుట్టిన పింగాణీ సామాను. తోసుకొస్తున్న పిల్లకి మోకాళ్ల దాకా తెల్లటి సుద్ద దుమ్ము. బండి ఆపిందో లేదో అరుపు మొదలుపెట్టింది.

"రండమ్మా రండి! ఈ పళ్లెం చూడండి! మీ ఆయనకి కోపమొచ్చి మీ మీదకి విసిరినా తగలదు! పళ్లెం గొప్పతనం కాదు తల్లీ, మీ ఆయనకి గురెక్కడ ఏడ్చింది గనక!"

అంటూనే పళ్లేల దొంతరనంతా గాల్లోకి ఎగరేసి, ఒక్కటి కూడా జారకుండా ముంజేతి మీద పట్టేసుకుంది. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. మా అమ్మ మాత్రం మూతి విరిచింది. "దుమ్ముకాళ్లది" అంది.

మా ఊరి గంట వినపడేంత దూరంలో పుట్టనివాళ్లందరూ మాకు దుమ్ముకాళ్లే. లండన్ నుంచి వచ్చినా అంతే, వాగు అవతలి పల్లె నుంచి వచ్చినా అంతే. ఒకప్పుడు గొర్రెల బొచ్చు అమ్మి బాగా సంపాదించి, ఊరు మొత్తం పట్టేంత చర్చి కట్టుకున్నాం. ఆ డబ్బు ఎప్పుడో పోయింది, చర్చీ గర్వమూ మిగిలాయి. వారమంతా ఊరు నిద్రపోతుంది. గురువారం సంత రోజున మాత్రం లేచి కూర్చుంటుంది. ఆ రోజున ఊరివాళ్లు వెన్న మండపం కింద, ఎండా వానా తగలని చోట అమ్ముకోవాలి. దుమ్ముకాళ్లవాళ్లు చర్చి గోడ పక్కన, సముద్రం మీంచి వచ్చే ఈదురుగాలికి ఎదురుగా అమ్ముకోవాలి. ఇదీ మా పద్ధతి.

ప్రతి గురువారం పొద్దున్నే, గుర్రాల జీనులు కుట్టే అంబ్రోస్ లీక్ మండపం మెట్టెక్కి, చేతిగంట ఊపి, వాళ్ల తాతల కాలం నుంచి వస్తున్న కేక వేసేవాడు.

"వినండహో! కాళ్ల మీద దుమ్ముతో వచ్చినవారు ఎవరైనా సరే, పొద్దు గంట మొదలు సందె గంట దాకా ఈ నేల మీద నిలబడి అమ్ముకోవచ్చు. వాళ్లని కదిలించే హక్కు ఊరికి లేదు, ఊరిపెద్దకి లేదు, రాజుకీ లేదు!"

ఏ రాజు కాలం నాటి మాటో మాకెవరికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. అంబ్రోస్ అరుస్తుంటే నేను రొట్టెలు సర్దుకునేదాన్ని, పక్కవాళ్లు గుడ్లు ఏరుకునేవారు. పుట్టినప్పట్నుంచీ వింటున్నది కదా, చెవిన పడేదే కాదు.

పీపాలు చేసే సిలస్ డౌస్ ఆ పళ్లేల పిల్ల మీద మనసుపడి పెళ్లి చేసుకున్నాడు. గొర్రెల వీధిలో కాపురం పెట్టారు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా ఊళ్లో ఆప్యాయత వస్తే మనుషుల్ని "బాతూ" అని పిలుచుకుంటాం. "ఏం బాతూ, బాగున్నావా?" అంటే ఆడా మగా ఎవరైనా పలుకుతారు. కానీ ఆ పిలుపు ఊళ్లో పుట్టినవాళ్లకే. దుమ్ముకాళ్లవాళ్లని "అమ్మగారూ, అయ్యగారూ" అనాలి. థిర్జా కడుపున పుట్టిన పిల్లలు ఉయ్యాల్లోనే బాతులయ్యారు. కన్నతల్లి మాత్రం అమ్మగారే. సిలస్ పోయిన రోజున కూడా పరామర్శకి వచ్చినవాళ్లు "ధైర్యంగా ఉండండి అమ్మగారూ" అని ఓదార్చి వెళ్లారు. ఆ రాత్రంతా నేను ఆవిడతోనే ఉన్నాను. తెల్లారేదాకా ఇల్లు తుడిచింది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

దుమ్ముకాళ్లవాళ్లు ఊరివాళ్లు కావడానికి దారి లేకపోలేదు. సెప్టెంబరు ఆఖరి గురువారం, మండపం పక్కనున్న చేతిపంపు నుంచి ఒక బకెట్ నీళ్లు పట్టి, అంబ్రోస్ కేక అయ్యాక, ఊరు ఒప్పుకున్న మనిషి కాళ్లు అందులో పెట్టి కడుగుతారు. దుమ్ము పోతుంది, మనిషి ఊరిదైపోతుంది. మరుసటి వారం నుంచి మండపం కింద చోటు, నోటి నిండా బాతూ. అయితే ఊరు ఒప్పుకోవాలి కదా! ఒక ఏడు పంపు చెడిపోయిందన్నారు. ఒక ఏడు అంబ్రోస్‌కి గొంతు పట్టేసిందన్నారు. ఒక ఏడు ఏ కారణమూ దొరక్క "వచ్చే ఏడు చూద్దాం లెండి అమ్మగారూ" అన్నారు.

ప్రతి సెప్టెంబరులోనూ థిర్జా కొత్త మేజోళ్లు కొనుక్కునేది. ఎందుకో చెప్పేది కాదు, నేనూ అడిగేదాన్ని కాదు.

"నాకేం పట్టింపు లేదే. ఆ బురద నీళ్లలో కాళ్లు పెట్టకపోతే చస్తానా?" అనేది. అంటూనే గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగేది.

అలా ఉండగా ఇంటింటికీ కార్లొచ్చాయి. మా సంత చోటులోనూ కార్లే, చర్చి గుమ్మం ముందూ కార్లే. ఇనప సామాన్ల కొట్టున్న పించ్‌బెక్ అప్పుడు పట్టణ సభకి అధ్యక్షుడు. మనిషి చెడ్డవాడని అనను. మేకు కొనడానికి వెళ్తే మేకుతో పాటు ఒక ఉపన్యాసం కూడా ఇచ్చి పంపేవాడు, అంతే. ఆ వసంతంలో మమ్మల్నందర్నీ ధాన్యం కొట్టంలోకి పిలిచి, సంతని రైల్వే స్టేషన్ వెనక పెరట్లోకి మారుస్తున్నామని చెప్పాడు.

"బొగ్గు దిగే చోటా? నా రొట్టెలకి మసి అద్దుకుని తినమంటారా జనాన్ని?" అన్నాను.

"బాతూ, కాలం మారుతోంది. ఊళ్లోకి కారొస్తే డబ్బొస్తుంది. మండపం కింద చోట్లు సభ దయతల్చి ఇచ్చినవేగా? సభ తీర్మానం చేస్తే తీసెయ్యొచ్చు. లాయరు గారిని కూడా అడిగాం."

"ఇంకేం, రేపే తీసెయ్యండి."

"ఒక చిన్న చిక్కుంది. అది తీరాక చూస్తాం" అన్నాడు. ఏం చిక్కో చెప్పలేదు.

ఆ వేసవంతా ఊరికి నిద్ర పట్టలేదు. సంత పోతే స్కార్న్‌బీలో ఏముంది? చర్చి, గాలి, పించ్‌బెక్ మేకులు. గుడ్లమ్మే ఆడవాళ్లు అప్పుడే వేరే ఊరి సంతలో చోటు వెతుక్కుంటున్నారు. నేను రొట్టెల్లో ఉప్పు వేశానో లేదో మర్చిపోయి రెండుసార్లు వేసిన రోజులున్నాయి. ఎవరిని కదిపినా కస్సుమనేవాళ్లు.

ఆగస్టులో ఒక గురువారం పించ్‌బెక్ చర్చి గోడ వైపు నడిచాడు. ఆ వైపు ఆయన వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. థిర్జా గొంతెత్తి అరుస్తోంది, పళ్లేలు గాల్లో ఉన్నాయి. ఆయన టోపీ తీసి ఏదో అన్నాడు. పళ్లెం ఒకటి జారి రాళ్ల మీద పడి భళ్లున పగిలింది. ఆవిడ చేతిలోంచి పళ్లెం జారడం ఆ రోజే చూశాను.

సందె గంట కొట్టగానే పరుగున మా ఇంటికొచ్చింది.

"కడుగుతారటే! ఈ సెప్టెంబరులో. సభంతా ఒప్పుకుందట. నువ్వు లేనిదే ఊరు లేదు అన్నాడే ఆ పించ్‌బెక్!"

"ఆ మాట ఇన్నాళ్లకి తెలిసిందా ఆయనకి?"

"పోన్లేవే, ఇన్నాళ్లకైనా తెలిసింది" అంది. కళ్లల్లో నీళ్లు. "సిలస్ ఉంటే చూసి నవ్వేవాడు. ఏం తొడుక్కోను చెప్పు? ఆఖరి నిమిషంలో వద్దంటారేమో కదూ? పంపు బాగానే పనిచేస్తోందా, చూశావా నువ్వు?"

"పనిచేస్తోంది. కాస్త కూర్చో ముందు."

కూర్చోలేదు. ఆ నెలంతా నన్ను పీక్కుతింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి పంపు సంగతి అడిగేది.

ఆ గురువారం ఎండ బాగా కాసింది. పించ్‌బెక్ మనుషులు పొద్దున్నే బకెట్ నీళ్లు పట్టి మండపం మెట్టు ముందు పెట్టారు. పక్కన ఒక ముక్కాలిపీట. ఊరంతా వచ్చింది. నిజం చెప్పాలంటే అందరికీ లోపల ఒక సిగ్గు ఉంది. అది వదిలించుకోవడానికి మంచి అవకాశం దొరికిందని చప్పట్లు కాస్త గట్టిగానే కొట్టారు. థిర్జా కూతుళ్లు ముందు వరసలో నిలబడ్డారు. ఆవిడ నీలం గౌను వేసుకుని, చర్చి గోడ పక్కన తన బండి వదిలేసి నడిచి వచ్చింది. పీట మీద కూర్చోమంటే కూర్చోలేదు. ఒక చేత్తో నా భుజం పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి బూటు విప్పింది. కొత్త మేజోడు కూడా తీసేసింది.

అంబ్రోస్ గంట ఊపి కేక మొదలుపెట్టాడు. ఆ రోజు చుట్టూ నిశ్శబ్దం. రొట్టెలు సర్దేవాళ్లు లేరు, గుడ్లు ఏరేవాళ్లు లేరు. ప్రతి మాటా వినపడింది.

"...వాళ్లని కదిలించే హక్కు ఊరికి లేదు, ఊరిపెద్దకి లేదు, రాజుకీ లేదు!"

థిర్జా పాదం బకెట్ మీద అలాగే ఆగిపోయింది. మెల్లిగా తల తిప్పి చర్చి గోడ వైపు చూసింది. నేనూ చూశాను. ఒకప్పుడు ఆ గోడ పొడవునా బట్టలవాళ్లు, కత్తులు సానపట్టేవాళ్లు, బుట్టలవాళ్లు ఉండేవారు. కొందరు చచ్చిపోయారు, కొందరు పెద్ద ఊళ్లకి పోయారు. ఇప్పుడు అక్కడున్నది ఒకే ఒక్క బండి.

"అంబ్రోస్ తాతా, మళ్లీ చెప్పు."

"రెండోసారి చెప్పే ఆచారం లేదమ్మగారూ."

"చెప్పు తాతా."

ముసలాయన ఇబ్బందిగా పించ్‌బెక్ వైపు చూశాడు. తర్వాత థిర్జా పాదం వైపు చూశాడు. చూసి, మళ్లీ చెప్పాడు, ఈసారి అరవకుండా.

"పించ్‌బెక్ గారూ" అంది థిర్జా. "ఒక్క మాట. నేనిప్పుడు ఊరి మనిషినైపోతే, ఆ గోడ పక్కన దుమ్ముకాళ్లవాళ్లు ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. మీరే కదమ్మగారూ ఆఖరు. ఆ గాలిలో ఇంక మీరు నిలబడక్కర్లేదు."

"ఎవరూ లేకపోతే ఈ నేల మీంచి సంతని కదిలించడానికి మీకేం అడ్డం?"

నాకు అప్పుడు తలకెక్కింది. చిక్కు! చిన్న చిక్కు!

"అదన్నమాట నీ చిక్కు!" అని అరిచాను. "ఈవిడ కాళ్ల మీద దుమ్మున్నంతకాలం నువ్వు సంతని తాకలేవు. అందుకా నీకింత ప్రేమ పుట్టుకొచ్చింది? నీళ్లు కూడా నువ్వే పట్టించావు కదయ్యా, దొంగ సచ్చినోడా!"

"బాతూ, మాటలు జాగ్రత్త. ఇదంతా ఊరి మంచికే..."

జనంలో గోల లేచింది. ఎవరో "ముందు కడగనివ్వండి, సంత సంగతి తర్వాత తేల్చుకుందాం" అన్నారు. ఇంకెవరో "కడిగితే తేల్చుకోవడానికేం మిగులుతుందిరా సన్నాసీ" అన్నారు. పెద్ద కూతురు ఏడుస్తూ "అమ్మా, కడుక్కో, ఈ జన్మకిది చాలు, కడుక్కోవే" అంటోంది.

పించ్‌బెక్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వినపడింది. "అమ్మగారూ, ఒప్పుకుంటాను, నాకు అదీ ఉంది మనసులో. కానీ మీకిచ్చేది అబద్ధం కాదు. ఇవాళ కాదంటే సభ మళ్లీ ఈ మాట ఎత్తదు. మీ ఇష్టం."

నా భుజం మీద ఆవిడ వేళ్లు బిగుసుకున్నాయి. ఎంత గట్టిగా అంటే మర్నాటికి కమిలిపోయింది. ఆవిడ ఆ నీళ్లనే చూస్తోంది. కడుక్కోమంటే సంత పోతుంది. వద్దంటే, వద్దనడానికి నేనెవర్ని? మండపం కింద పుట్టి పెరిగినదాన్ని.

థిర్జా వంగి మేజోడు తీసుకుంది. దులిపి తొడుక్కుంది. బూటు వేసుకుని, లేసు ముడి వేసి, లాగి చూసుకుంది.

"నా కాళ్లకి దుమ్ము బాగానే అలవాటు" అంది గట్టిగా, అందరికీ వినపడేలా. "ఇంకా పొద్దుంది. మీకు పనుల్లేవేమో, నాకు బేరాలున్నాయి."

అని గిర్రున తిరిగి గోడ వైపు నడిచింది. కాసేపటికి అక్కణ్ణుంచి అరుపు లేచింది. "రండమ్మా రండి! పళ్లేలు! మీ ఆయనకి గురి లేకపోయినా మన అధ్యక్షుడు గారికి ఉంది, కాస్తలో తప్పింది!" ఒక్కసారిగా ఊరంతా నవ్వింది. ఆ రోజు ఆవిడ బండి ఖాళీ అయిపోయింది. అవసరం లేనివాళ్లు కూడా గిన్నెలు కొన్నారు. బాతూ అని మాత్రం ఎవరూ అనలేదు, అనడానికి వీల్లేదు కదా.

సంత అక్కడే ఉంది, ఇప్పటికీ ఉంది. గురువారం పూట కార్లే వెళ్లి స్టేషన్ వెనక బొగ్గు మసిలో నిలబడతాయి. థిర్జా చచ్చిపోయేదాకా ఆ గోడ పక్కనే అమ్మింది. గాలికి కీళ్లు పట్టేసినా, ఒక్క గురువారం తప్పలేదు. నేను నా బల్ల తీసుకెళ్లి ఆవిడ పక్కన వేసుకున్నాను. మండపం కింద చోటు ఎందుకు వదులుకున్నావని అడిగినవాళ్లకి, గాలి తగిలితే రొట్టె కరకరలాడుతుందని చెప్పాను. ఇప్పుడు ఆవిడ చోట్లో, లెస్టర్ నుంచి బట్టల మూటలతో వచ్చే కర్నైల్ సింగ్ నిలబడుతున్నాడు. వ్యాన్‌లో వస్తాడు గానీ, ఊరి మలుపు దగ్గర దిగి, దుమ్ము కోసమని నడుస్తాడు. ఆయన్ని మేమందరం బాతూ అని పిలుస్తాం. కాళ్లు మాత్రం కడగనివ్వం.

ఆ కొత్త పిలుపు మొదలైంది ఎక్కడో చెప్పి ముగిస్తాను.

ఆ సెప్టెంబరు గురువారం సందె గంట అయ్యాక జనం వెళ్లిపోయారు. బకెట్ ఎవరూ తియ్యలేదు, మెట్టు ముందు అలాగే ఉంది. థిర్జా ఖాళీ బండి తోసుకుంటూ వచ్చి దాని దగ్గర ఆగింది. చుట్టూ చూసి, ఆ ముక్కాలిపీట మీద కూర్చుంది. కూర్చుంది!

బకెట్‌లోకి చూస్తూ అడిగింది. "ఒసే డోర్కస్, ఆ నీళ్లు ఎలా ఉంటాయే?"

"నాకేం తెలుసే? నేనిక్కడే పుట్టాను. నాకెవరూ కడగలేదు."

"అవును కదూ." చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. చేతితో ముట్టుకున్నా ఏమవుతుందోనని భయం. "ఏం కావాలని ఏడ్చానో నాకే తెలీదు చూడు. మంచి మేజోళ్లు ఎన్ని పాడుచేశానో."

నవ్వబోయింది. నవ్వు రాలేదు, ముఖం చేతుల్లో దాచుకుంది.

నేనింక ఆగలేకపోయాను. బూట్లు విప్పి అవతల పారేశాను. మేజోళ్లు లాగేశాను. గౌను మోకాళ్ల దాకా ఎత్తుకుని, మెట్టు మీద కూర్చుని, రెండు కాళ్లూ ఆ బకెట్‌లో దించాను.

పొద్దంతా ఎండలో ఉన్న నీళ్లు. గోరువెచ్చగా, మెత్తగా, ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేను. ప్రాణం లేచొచ్చింది.

"ఎలా ఉన్నాయే?" అంది థిర్జా, చేతులు తీసి నన్నే చూస్తూ.

"ఛీ, కొరుకుతున్నాయి! మంచులా ఉన్నాయి, పైగా తుప్పు కంపు" అన్నాను. "నువ్వేం పోగొట్టుకోలేదే, బాతూ."